మొక్కకు మన చెయ్యి కూడా ఒక కబురే: ఆకులో ఫాస్ఫోరిలేషన్ చూసే పద్ధతి

మా నాన్న బాపట్ల దగ్గర సాంబ మసూరి పండిస్తారు. నేను ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు ఒక ఖరీఫ్‌లో చేనికి బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులు తగిలింది. ఆకుల అంచులు గడ్డి రంగుకు తిరిగి, కొసల నుంచి కిందికి ఎండుతూ వచ్చాయి. గట్టు మీద నిలబడి నాన్న అడిగారు: "మన కంటికి కనపడేసరికి వారం దాటింది. మొక్కకు ఎప్పుడు తెలిసి ఉంటుందమ్మా?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. పీహెచ్‌డీ మూడో ఏట, చీకటి గదిలో ఒక ఫిల్మ్ మీద మూడు నల్లటి గీతలు తేలినప్పుడు దొరికింది. అది వరి కాదు, అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క. బ్యాక్టీరియా ప్రోటీన్ ముక్క తగిలిన ఐదు నిమిషాలకల్లా దాని కణాల్లో కబురు అందేసింది.

ఆ కబురును ఎలా చూడాలో ఇక్కడ రాస్తున్నాను. మా ల్యాబ్‌కు ప్రాజెక్టు కోసం వచ్చే ఎమ్మెస్సీ పిల్లలకు ప్రతి ఏడాదీ నోటితో చెప్పే విషయమే ఇది. వెస్టర్న్ బ్లాట్, అంటే ప్రోటీన్లను జెల్ మీద బరువును బట్టి విడదీసి, మెంబ్రేన్ మీదకు మార్చి, యాంటీబాడీతో కావాల్సినదాన్ని వెతికే పద్ధతి, ఒకటి రెండు సార్లు చేసినవాళ్లకు ఇది పూర్తిగా పనికొస్తుంది. కొత్తవాళ్లు పక్కన సీనియర్‌ని పెట్టుకుని చదవండి.

ఏం చూస్తున్నాం

కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు చివర ఉండే ఫాస్ఫేట్‌ను తీసి ఒక ప్రోటీన్ మీద అతికించే ఎంజైమ్ కైనేజ్. ఇలా అతకడమే ఫాస్ఫోరిలేషన్. అతికిన ఫాస్ఫేట్‌ను ఊడదీసేది ఫాస్ఫటేజ్. అతుక్కునే చోట్లు ముఖ్యంగా మూడు అమైనో ఆమ్లాలు: సెరీన్, థ్రియోనీన్, టైరోసీన్. ఒక ఫాస్ఫేట్ చేరితే ప్రోటీన్ బరువు 80 డాల్టన్లే పెరుగుతుంది. 45 వేల డాల్టన్ల ప్రోటీన్‌కు అదేమంత బరువు కాదు. కానీ ఫాస్ఫేట్ తనతో రుణావేశం తెస్తుంది. దాంతో ప్రోటీన్ మడత మారుతుంది, అప్పటిదాకా నిద్రలో ఉన్న ఎంజైమ్ పనిలోకి దిగుతుంది. 1955లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కుందేలు కండరంలో ఈ సంగతి పట్టుకున్నారు. వాళ్లకు నోబెల్ వచ్చింది 1992లో.

మనిషి జన్యువుల్లో కైనేజ్‌లు 500 చిల్లర. అరబిడాప్సిస్‌లో సుమారు 1000. అందులో 600 పైచిలుకు రిసెప్టర్ రకం, అంటే చాలావరకు కణం పైపొర మీద కూర్చుని బయటి సంగతి లోపలికి చేరవేసేవి. ఈ లెక్క మొదటిసారి విన్నప్పుడు నాకు చాలాసేపు వేరే పని మీద మనసు పోలేదు.

మనం తీసుకునే ఉదాహరణ ఇది. బ్యాక్టీరియా తోకలో ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అందులోని 22 అమైనో ఆమ్లాల ముక్క పేరు ఎఫ్‌ఎల్‌జీ22. దాన్ని పట్టుకునే రిసెప్టర్ ఎఫ్‌ఎల్‌ఎస్2, 2000లో బయటపడింది. ముక్క తగలగానే ఎఫ్‌ఎల్‌ఎస్2 పక్కకు బీఏకే1 అనే తోడు రిసెప్టర్ వస్తుంది. అక్కడి నుంచి ఒక కైనేజ్ ఇంకో కైనేజ్‌కు ఫాస్ఫేట్ అతికిస్తూ పోతే చివరికి ఎంపీకే3, ఎంపీకే6 అనేవాటి దాకా కబురు చేరుతుంది. వాటిలో థ్రియోనీన్, గ్లుటామేట్, టైరోసీన్ వరసగా ఉండే ఒక చోటు ఉంది. ఆ థ్రియోనీన్ మీదా, టైరోసీన్ మీదా రెండు ఫాస్ఫేట్‌లు పడితేనే ఎంజైమ్ లేస్తుంది. మనిషి కణాల్లో ఈఆర్‌కే అనే కైనేజ్‌లోనూ అచ్చం ఇదే వరస. అందుకే మనిషి ఈఆర్‌కే కోసం అమ్మే ఫాస్ఫో-పీ44/42 యాంటీబాడీ మొక్కల్లోనూ చక్కగా పనిచేస్తుంది. మొక్కల కోసం ప్రత్యేకంగా యాంటీబాడీ తయారు చేయించుకోవాలేమోనని ఖర్చుకు భయపడకండి.

రిసెప్టర్‌కు ముక్క తగిలాక ఫాస్ఫోరిలేషన్ ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో శిఖరానికి చేరి, అరగంటకు తగ్గుముఖం పట్టి, గంటకు చాలావరకు దిగిపోతుంది. అంటే మనం వెతుకుతున్నది నిలకడగా ఉండే వస్తువు కాదు, ఒక క్షణం. దాన్ని చెదరకుండా పట్టి ఆపడమే ఈ పనిలో సగానికి పైన.

ముట్టుకోకముందే చేయాల్సిన పని

ముందు నాకు జరిగినది చెబుతాను. మొదటి ఆరు నెలలు నా బ్లాట్‌లన్నీ ఒకేలా వచ్చేవి. జెల్ మీద ఒక్కో శాంపిల్‌కు ఒక్కో వరస. ఎఫ్‌ఎల్‌జీ22 వేసిన వరసలో బ్యాండ్, అంటే ఆ నల్లటి గీత, గట్టిగా ఉండేది, ఉత్త నీళ్లు వేసిన వరసలోనూ అంతే గట్టిగా ఉండేది. పెప్టైడ్ (ఆ ఎఫ్‌ఎల్‌జీ22 ముక్కే) కలుషితమైందనుకున్నాను, యాంటీబాడీ పాడైందనుకున్నాను, రెండూ మార్చాను. చివరికి మా సీనియర్ అక్క ఒక రోజు ఏమీ మాట్లాడకుండా నా పక్కన నిలబడి చూసింది. నేను అగర్ ప్లేట్ నుంచి మొలకలను ఫోర్సెప్స్‌తో పీకి, నీళ్లలో వేసి, వెంటనే పెప్టైడ్ కలుపుతున్నాను. "నువ్వు పెప్టైడ్ వేయకముందే మొక్క అరుస్తోంది కదే" అంది. వేళ్లు తెగినా, ఆకు నలిగినా, ఎవరైనా తాకినా కూడా ఎంపీకే3, ఎంపీకే6 లేస్తాయి. బ్యాక్టీరియాకు ఎంత స్పందిస్తుందో నా చేతికీ అంతే స్పందించింది. నా ప్రశ్న కన్నా ముందు నా చెయ్యి మొక్కకు కబురు చెప్పేసింది.

అందుకే ఇప్పుడు ఇలా చేస్తాను. అరబిడాప్సిస్‌లో కొలంబియా రకం విత్తనాలను 70 శాతం ఆల్కహాల్‌లో రెండు నిమిషాలు, ఆ తర్వాత రెండు చుక్కల ట్వీన్ (సబ్బులాంటిది) కలిపిన పల్చటి బ్లీచ్‌లో పది నిమిషాలు ఉంచి, స్టెరైల్ నీళ్లతో ఐదుసార్లు కడుగుతాను. మొలకలు పెరిగేది సగం బలం ఎంఎస్ మీడియం (మొక్కలకు కావాల్సిన లవణాల మిశ్రమం), ఒక శాతం చక్కెర, అగర్ మీద. విత్తనాలు చల్లిన ప్లేట్‌ను నాలుగు డిగ్రీల దగ్గర చీకట్లో రెండు మూడు రోజులు పెడితే అన్నీ ఒకేసారి మొలుస్తాయి. తర్వాత 22 డిగ్రీల గదిలో ఐదు రోజులు. అప్పుడు మొలకలను 24 గుంటల ప్లేట్‌లోకి, ఒక్కో గుంటకు ఐదారు చొప్పున, ఒక మిల్లీలీటర్ ద్రవ మీడియంలోకి మారుస్తాను. పీకే గాయం ఏదైనా ఉంటే ఇక్కడే పడుతుంది, మానడానికి వారం సమయం ఉంటుంది. అక్కడ ఇంకో ఏడు రోజులు పెరగనిస్తాను.

ప్రయోగం ముందు రోజు సాయంత్రం మొక్కలకు తగలకుండా గుంట గోడ వైపు నుంచి పాత మీడియం పీల్చేసి, సరిగ్గా ఒక మిల్లీలీటర్ కొత్తది పోస్తాను. ప్లేట్‌ను నెమ్మదిగా తిరిగే షేకర్ మీద, మరుసటి రోజు ఎక్కడ పని చేస్తానో అక్కడే, అదే లైటు కింద పెట్టేస్తాను. రాత్రంతా ఆ ఊపుకు అలవాటు పడిన మొక్కకు ఉదయం అది కొత్త సంగతి కాదు. ఉదయం ప్లేట్‌ను మోసుకుని వేరే గదికి తీసుకెళ్లకండి.

ఎఫ్‌ఎల్‌జీ22ను 100 నానోమోలార్ దగ్గర వాడతాను. 1.1 మైక్రోమోలార్ ద్రావణం చేసుకుని ఒక్కో గుంటకు 100 మైక్రోలీటర్లు వేస్తే ఆ లెక్క వస్తుంది. పది మైక్రోలీటర్ల గాఢమైన చుక్క వేయడం కన్నా ఇది బాగా కలుస్తుంది. కంట్రోల్ గుంటల్లోకి అంతే నీళ్లు, అదే పిపెట్‌తో, అదే వేగంతో. పెప్టైడ్ ద్రావణం, నీళ్లు రెండూ గది వేడికి వచ్చాకే వాడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్లు కూడా మొక్కకు ఒక కబురే.

సమయాలు 0, 5, 15, 30, 60 నిమిషాలు. నీళ్ల కంట్రోల్ 5, 15 నిమిషాలకు తప్పనిసరి. అన్నిటికీ ఒకేసారి పెప్టైడ్ వేసి, టైమ్ అయినవాటిని ఒక్కొక్కటి తీయకండి. తిరగేసి చేయండి. 60 నిమిషాల గుంటలకు ముందు వేసి, అరగంట తర్వాత 30వి, ఆ తర్వాత 15వి, చివర్లో 5వి. అప్పుడు కోత అంతా దాదాపు ఒకే సమయంలో జరుగుతుంది. ఒక్కోదానికి నిమిషం ఎడం ఇచ్చుకుంటే చేతులు తడబడవు. ఈ పట్టికను ముందు రోజే కాగితం మీద రాసి షేకర్ పక్కన అతికించండి. ప్రయోగం మధ్యలో కూడికలు చేస్తే టెన్షన్‌లో తప్పులు జరుగుతాయి.

కోత అంటే ఇదీ: ఫోర్సెప్స్‌తో రెండు గుంటల మొక్కలనూ, అంటే పది పన్నెండింటిని, ఒకేసారి ఎత్తి, టిష్యూ పేపర్ మీద ఒక్కసారి అద్ది, ట్యూబులో వేసి లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచడం. ఎత్తిన క్షణం నుంచి మునిగే దాకా పది సెకన్లు దాటకూడదు. తూకం అప్పుడు వేయొద్దు. ఖాళీ ట్యూబులను ముందే తూచి పెట్టుకుంటే గడ్డకట్టిన తర్వాత మిగతా లెక్క చూసుకోవచ్చు. ట్యూబు మూతలకు సూదితో చిన్న కన్నం పెట్టండి. లోపల చిక్కిన నైట్రోజన్ వేడికి ఉబ్బితే ట్యూబు పేలుతుంది, ముఖానికి తగులుతుంది. కళ్లద్దాలు, చలి గ్లౌజులు వేసుకోండి, గది తలుపు తెరిచి ఉంచండి. మూసిన గదిలో నైట్రోజన్ ఆవిరి ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది, వాసన కూడా రాదు.

నూరడం, బఫర్

మోర్టార్, పెస్టిల్, స్పాచ్యులా మూడింటినీ నైట్రోజన్ పోసి చల్లబరిచాకే శాంపిల్ తీయాలి. పొడి విభూతిలా రావాలి. మధ్యలో అంచుల దగ్గర ఆకుపచ్చ ముదిరి తడిగా మెరిసిందంటే కరగడం మొదలైందని అర్థం, ఆ శాంపిల్ మీద ఇక నమ్మకం పెట్టుకోకండి. కరిగిన మరుక్షణం ఫాస్ఫటేజ్‌లు పనిలోకి దిగుతాయి. "ఐస్ మీదే పెట్టానక్కా" అని పిల్లలు అంటుంటారు. ఐస్ మీద వాటి వేగం తగ్గుతుంది, ఆగదు.

కేవలం బ్లాట్ చాలనుకుంటే అన్నిటికన్నా భద్రమైన దారి వేడి వేడి ఎస్‌డీఎస్ (ప్రోటీన్ మడత విప్పే డిటర్జెంట్) లోడింగ్ బఫర్. గడ్డకట్టిన పొడి మీద నేరుగా పోసి, వెంటనే కలిపి, 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచాలి. ఎస్‌డీఎస్ తగిలిన ఎంజైమ్ మడత విడిపోయి చచ్చిపోతుంది, కైనేజ్ అయినా ఫాస్ఫటేజ్ అయినా. దీనిలో ఒక చిక్కుంది. ఎస్‌డీఎస్ ఉంటే ప్రోటీన్ ఎంతుందో చెప్పే బ్రాడ్‌ఫర్డ్ కొలత పనిచేయదు. పొడి బరువును బట్టి బఫర్ పోసి, ముందు ఒక చిన్న జెల్ నడిపి ప్రోటీన్లన్నిటికీ అంటే కూమాసీ రంగు వేసి, వరసలు సమానమో కాదో చూసుకుని అసలు జెల్‌కు వెళ్లాలి.

తర్వాత కైనేజ్ పనితనం కూడా కొలవాలనుకుంటే మామూలు బఫర్ కావాలి. నేను వాడేది: ట్రిస్ 50 మిల్లీమోలార్, పీహెచ్ 7.5, ఉప్పు 150 మిల్లీమోలార్, గ్లిసరాల్ పది శాతం, ట్రైటాన్ అర శాతం. ఇది వారం ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ప్రయోగం రోజు కలిపేవి: సోడియం ఫ్లోరైడ్ 25 మిల్లీమోలార్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ 25 మిల్లీమోలార్, సోడియం ఆర్థోవనడేట్ 2 మిల్లీమోలార్, ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లను ఆపే ప్రోటియేజ్ ఇన్హిబిటర్ మిశ్రమం, చివరగా అదే పని చేసే పీఎంఎస్‌ఎఫ్ ఒక మిల్లీమోలార్. పీఎంఎస్‌ఎఫ్ నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, శాంపిల్ మీద పోయబోయే ముందే వేయాలి, పైగా విషం కూడా. ఫ్లోరైడ్, గ్లిసరోఫాస్ఫేట్ రెండూ సెరీన్, థ్రియోనీన్ వైపు ఫాస్ఫటేజ్‌లను ఆపుతాయి, వనడేట్ టైరోసీన్ వైపు వాటిని.

వనడేట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొడిని నీళ్లలో కలిపి అలాగే వాడేస్తారు. కలిపినప్పుడు అణువులు ఒకదానితో ఒకటి గుంపు కట్టి ద్రావణం పసుపుగా మారుతుంది. ఆ గుంపు ఫాస్ఫటేజ్‌ను సరిగ్గా ఆపలేదు. 200 మిల్లీమోలార్ ద్రావణం చేసి, పీహెచ్ 10కి తెచ్చి, రంగు పూర్తిగా పోయేదాకా మరిగించాలి. చల్లారాక పీహెచ్ మళ్లీ చూడాలి. దిగి ఉంటే మళ్లీ 10కి తెచ్చి, మళ్లీ మరిగించాలి. రంగు తిరిగి రాకుండా, పీహెచ్ నిలబడే దాకా ఇదే పని. తర్వాత చిన్న చిన్న ట్యూబుల్లో పోసి గడ్డకట్టించండి. బఫర్‌లో ఈడీటీఏ (లోహాలను పట్టేసేది) గానీ డీటీటీ గానీ ఎక్కువగా ఉంటే వనడేట్ బలం పోతుంది. అందుకే ఈడీటీఏ లేని ఇన్హిబిటర్ టాబ్లెట్ కొనండి.

100 మిల్లీగ్రాముల పొడికి 150 నుంచి 200 మైక్రోలీటర్ల బఫర్ చాలు. నాలుగు డిగ్రీల దగ్గర 13 వేల ఆర్‌పీఎం, పదిహేను నిమిషాలు. పైనున్న తేట తీసి, బ్రాడ్‌ఫర్డ్ చూసి, లోడింగ్ బఫర్ కలిపి అప్పుడే మరిగించేయండి. తేటను రేపటికి అని దాచొద్దు. మరిగించిన శాంపిల్ మైనస్ 20లో హాయిగా ఉంటుంది.

జెల్, మెంబ్రేన్

ఇక్కడ మామూలు వెస్టర్న్‌కు తేడా కొద్దిగానే. పది శాతం జెల్, వరసకు 20 నుంచి 30 మైక్రోగ్రాములు. 35 కిలోడాల్టన్ల మార్కర్ దాదాపు కిందికి దిగేదాకా నడపండి, లేకపోతే ఎంపీకే3, ఎంపీకే6 ఒకదాని మీద ఒకటి పడి విడిగా కనపడవు. పీవీడీఎఫ్ మెంబ్రేన్ మీదకు మార్చాక ప్రోటీన్లన్నీ కనపడేలా పాన్సో రంగు వేసి ఫోటో తీసుకోండి. 55 దగ్గర బొద్దుగా ఒక పట్టీ కనిపిస్తుంది, అది రుబిస్కో (గాలిలోని కార్బన్‌ను పట్టే ఎంజైమ్) పెద్ద ముక్క. ఆకులో కరిగే ప్రోటీన్‌లో సుమారు సగం రుబిస్కోనే. లోడింగ్ సమానంగా ఉందో లేదో చెప్పే మొదటి సాక్షి అదే.

బ్లాకింగ్‌కు, అంటే యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా మెంబ్రేన్ ఖాళీలు నింపడానికి, పాలపొడి వాడకండి. పాలలోని కేసీన్ మీదే బోలెడు ఫాస్ఫేట్‌లు ఉంటాయి. ఫాస్ఫేట్‌ను వెతికే యాంటీబాడీని కేసీన్ నిండిన మెంబ్రేన్ మీద పోస్తే వెనకంతా మసక కమ్మే ప్రమాదం ఉంది. టీబీఎస్‌టీలో (ట్రిస్, ఉప్పు, ట్వీన్ కలిపిన బఫర్) ఐదు శాతం బీఎస్ఏ అనే ఆవు రక్తపు ప్రోటీన్ వాడండి. పీబీఎస్ బఫర్ కూడా వద్దు, అందులో ఉండేది ఫాస్ఫేటే. ఫాస్ఫో యాంటీబాడీ 1:1000, నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా. ఉదయం పది నిమిషాల చొప్పున మూడు కడుగులు, మొదటి యాంటీబాడీ కుందేలుది కాబట్టి దాన్ని పట్టే సెకండరీ యాంటీబాడీ ఒక గంట, మళ్లీ కడుగులు, బ్యాండ్ దగ్గర వెలుగు పుట్టించే ఈసీఎల్ ద్రావణం. ఫోటో ఒక్క ఎక్స్‌పోజర్‌తో ఆపకండి. ఐదు సెకన్లు, ముప్పై సెకన్లు, రెండు నిమిషాలు తీయండి. నల్లగా మాడిపోయిన బ్యాండ్‌ను ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

చదవడం

అంతా బాగుంటే పైన 47 కిలోడాల్టన్ల దగ్గర ఎంపీకే6, దాని కింద 44 దగ్గర ఎంపీకే3, ఇంకా కింద 42 దగ్గర సన్నగా అదే కుటుంబపు ఎంపీకే4, ఎంపీకే11 కలిసి ఒకే గీతగా కనిపిస్తాయి. సున్నా నిమిషాల వరస దాదాపు ఖాళీ. ఐదు, పదిహేను నిండుగా. అరవై పల్చగా. నీళ్ల వరసలు ఖాళీగానో, కంటికి ఆనీ ఆనకుండానో ఉండాలి. నేను మొదట చూసేది పెప్టైడ్ వరసలను కాదు, నీళ్ల వరసలను. అవి శుభ్రంగా లేకపోతే మిగతాది చదవను.

ఈ మూడు గీతలూ ఏవేవో బరువును చూసి చెప్పేస్తే సరిపోదు. ఎంపీకే3 లేని మ్యూటెంట్ (ఆ జన్యువు చెడిన మొక్క), ఎంపీకే6 లేని మ్యూటెంట్ విత్తనాలు తెప్పించి పక్కన నడపండి. ఏ గీత పోయిందో అదే దాని పేరు. రెండూ ఒకే మొక్కలో లేకుండా చేస్తే పిండం దశలోనే చచ్చిపోతుంది, కాబట్టి ఆ రెండూ లేని మొక్క కోసం వెతకకండి. ఎఫ్‌ఎల్‌ఎస్2 మ్యూటెంట్‌లో ఏ గీతా రాకూడదు. వస్తే మీ పెప్టైడ్‌లో ఇంకేదో ఉంది, లేదా మళ్లీ మీ చెయ్యే. వాసిలేవ్‌స్కియా అనే ఇంకో అరబిడాప్సిస్ రకం మొక్కల్లో పనిచేసే ఎఫ్‌ఎల్‌ఎస్2 పుట్టుకతోనే లేదు, అది కూడా మంచి కంట్రోల్.

యాంటీబాడీ చూపేది నిజంగా ఫాస్ఫేట్‌నేనా అన్నదానికి ఒకే రుజువు. ఇన్హిబిటర్లు కలపకుండా తీసిన శాంపిల్‌లో సగానికి మాంగనీస్, ఫాస్ఫేట్‌లను ఊడదీసే లాంబ్డా ఫాస్ఫటేజ్ వేసి 30 డిగ్రీల దగ్గర అరగంట పెట్టండి. మిగతా సగానికి ఎంజైమ్ లేకుండా అంతా అదే చేయండి. ఇన్హిబిటర్లు లేవు కాబట్టి ఈ శాంపిల్‌ను మిగతావాటి కన్నా వేగంగా నడపాలి. ఎంజైమ్ వేసిన వైపు గీత మాయమైతే నమ్మొచ్చు.

ఇంకోటి. గీత గట్టిపడింది ఫాస్ఫేట్ పెరిగినందుకా, ప్రోటీనే పెరిగినందుకా? పదిహేను నిమిషాల్లో ప్రోటీన్ పెద్దగా పెరగదు. గంటలు గడిస్తే మాత్రం ఎంపీకే3 జన్యువు కూడా చురుకవుతుంది. అందుకే మామూలు ఎంపీకే3, ఎంపీకే6 యాంటీబాడీలతో అవే శాంపిల్స్ రెండో జెల్ మీద నడపాలి. మూడు సార్లు చేయాలంటే మూడు వేర్వేరు రోజుల్లో విత్తిన మొక్కలు కావాలి. ఒకే శాంపిల్‌ను మూడు జెల్స్ మీద నడిపితే మొక్క గురించి కాదు, మీ జెల్ గురించి తెలుస్తుంది.

"అక్కా, బ్యాండ్ రాలేదు" అని ఎవరైనా వస్తే నేను ముందు యాంటీబాడీ గురించి అడగను. ఎంతసేపట్లో నైట్రోజన్‌లో ముంచావు, పొడి కరిగిందా, వనడేట్ ఏ రంగులో ఉంది అని ఈ మూడే అడుగుతాను. చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత

కైనేజ్ లేచిందని తెలిసింది. అది ఎవరి మీద ఫాస్ఫేట్ అతికిస్తోంది? అసలు సిగ్నలింగ్ కథ ఇక్కడే. ఎంపీకే6 ఫాస్ఫేట్ అతికించే ప్రోటీన్లలో ఏసీఎస్6 ఒకటి. ఇథిలీన్ అనే మొక్కల హార్మోన్ తయారీలో పనిచేసే ఎంజైమ్ అది, ఫాస్ఫేట్ పడితే విరిగిపోకుండా నిలుస్తుంది. అవే ఎంపీకే3, ఎంపీకే6 వేరే సందర్భంలో స్పీచ్‌లెస్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ అతికించి ఆకులో ఎన్ని పత్రరంధ్రాలు రావాలో నిర్ణయిస్తాయి. కాబట్టి మూడు గీతలు చూసి "రక్షణ మొదలైంది" అని రాసేయకండి. కైనేజ్ లేచిందని మాత్రమే రాయండి.

మీ ప్రోటీన్‌కు ఫాస్ఫో యాంటీబాడీ దొరకకపోతే ఫాస్-ట్యాగ్ జెల్ ఉంది. హిరోషిమా విశ్వవిద్యాలయంలో తయారైన ఈ అణువును మాంగనీస్‌తో పాటు జెల్‌లో పోస్తే, ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్‌ను అది పట్టి లాగుతుంది. ఫాస్ఫేట్ ఉన్నది పైన, లేనిది కింద, రెండు మెట్లుగా కనిపిస్తాయి. శాంపిల్‌లో ఈడీటీఏ ఉంటే మాంగనీస్‌ను మింగేసి జెల్ అంతా వంకర పోతుంది. మామూలు రంగు మార్కర్లలోనూ ఈడీటీఏ ఉంటుంది, మార్కర్ పక్క వరస ఖాళీగా వదలండి. ఈ జెల్ మీద బరువు లెక్క చదవకూడదు. మెంబ్రేన్ మీదకు మార్చే ముందు మాత్రం జెల్‌ను ఈడీటీఏ ఉన్న ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో రెండుసార్లు కడిగి, ఆ తర్వాత అది లేని బఫర్‌తో కడగాలి, లేకపోతే ప్రోటీన్ జెల్‌లోనే ఉండిపోతుంది.

ఫాస్ఫేట్ ఏ సెరీన్ మీద పడిందో తెలియాలంటే ముక్కల బరువును కచ్చితంగా తూచే మాస్ స్పెక్ట్రోమెట్రీ. ప్రోటీన్‌ను ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, టైటానియం డయాక్సైడ్‌తో ఫాస్ఫేట్ ఉన్న ముక్కలను ఏరి పంపాలి. చోటు దొరికాక ఆ సెరీన్‌ను అలనీన్‌గా మార్చిన మొక్క చేయండి, ఫాస్ఫేట్ అతకడానికి చోటే ఉండదు. దాన్నే ఆస్పార్టేట్‌గా మారిస్తే, రుణావేశం వల్ల ఎప్పుడూ ఫాస్ఫేట్ ఉన్నట్టు నటించవచ్చు. నటించకపోవచ్చు కూడా. అలనీన్ మొక్క ఇచ్చే జవాబును నేను ఎక్కువ నమ్ముతాను.

వరిలో

మన దగ్గర చాలామందికి అరబిడాప్సిస్ కన్నా వరే కావాలి. పద్ధతి అదే, రెండు మార్పులు. వరి ఎఫ్‌ఎల్‌జీ22 కన్నా కైటిన్‌కు గట్టిగా స్పందిస్తుంది, అంటే శిలీంద్రాల గోడ ముక్కలకు. ఇక మొక్క పెద్దది కాబట్టి ఆకు ముక్కలు కోయక తప్పదు. కోత గాయమే. అందుకే సాయంత్రం కోసిన ముక్కలను రాత్రంతా నీళ్ల మీద తేలనిచ్చి, ఆ గాయం కబురు చల్లారాక ఉదయం కైటిన్ వేయాలి. అదే ఫాస్ఫో యాంటీబాడీ వరి ఎంపీకే3, ఎంపీకే6లనూ పడుతుంది.

ఎండాకు తెగులును తట్టుకునే ఎక్స్ఏ21 జన్యువు కూడా ఒక రిసెప్టర్ కైనేజే, 1995లో బయటపడింది. దాన్ని ఇంకో రెండు జన్యువులతో కలిపి సాంబ మసూరిలోకి తెచ్చింది హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, అక్కడి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఎక్స్ఏ21 మీది ఫాస్ఫేట్‌ను ఊడదీసి దాన్ని అదుపులో ఉంచే ఎక్స్‌బీ15 అనే ఫాస్ఫటేజ్ కూడా వరిలోనే ఉంది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వరి బ్లాట్ ఫోటో నాన్నకు చూపించాను. ఏ వరస ఎన్ని నిమిషాలో అడిగి తెలుసుకుని, కాసేపు చూసి అన్నారు: "ఇంత తొందరగా తెలిసినప్పుడు మరి తెగులు ఎందుకు వస్తుంది?" దీనికి జవాబు ఉంది. బ్యాక్టీరియా సూదిలాంటి గొట్టంతో కణంలోకి తన ప్రోటీన్లను ఎక్కిస్తుంది. అరబిడాప్సిస్ మీద దాడి చేసే సూడోమోనాస్‌లో హాప్‌ఏఐ1 అనేది ఉంది. మనం బ్లాట్ మీద చూసే ఆ థ్రియోనీన్ మీది ఫాస్ఫేట్‌నే అది మళ్లీ అతకడానికి వీలు లేకుండా తెంపేస్తుంది. ఎండాకు తెగులు బ్యాక్టీరియా కూడా అలాంటిదే ఒకటి ఎక్కిస్తుంది. వరిలో కైటిన్ కబురును రిసెప్టర్ దగ్గర నుంచి లోపలికి మోసే ఆర్ఎల్‌సీకే185 అనే కైనేజ్‌కు ఫాస్ఫేట్ అందకుండా అది అడ్డుపడుతుంది. నాన్నకు ఇదంతా కాగితం మీద బొమ్మ వేసి చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు మా చేలో విత్తనం రెండు గుప్పెళ్లు సంచిలో వేసుకొచ్చాను, మెరుగైన సాంబ మసూరి పక్కన పెట్టి నడపడానికి.